అవిచ్ఛిన్న చౌర్య ధ్రువపత్రం

వలందరేవు కోట చూడటానికి వచ్చేవాళ్ళు సాధారణంగా మూడు పనులు చేసి వెళ్ళిపోతారు. తుప్పు పట్టిన ఫిరంగి మీద కూర్చుని ఫోటో దిగుతారు. బురుజెక్కి సముద్రం వైపు తిరిగి "అబ్బ, ఏం గాలి!" అంటారు. కిందికి దిగి మరుగుదొడ్డి ఎక్కడని అడుగుతారు. లేదని తెలియగానే కారెక్కేస్తారు. ఎప్పుడో వలందులు, అంటే డచ్చివాళ్ళు, అంత తంటాలు పడి కట్టిన కోటకు ఇప్పుడు దక్కుతున్న మర్యాద మనిషికి ఇరవై నిమిషాలు. కోట గోడల మధ్య కాపురాలుంటున్న నలభై రెండు జాలరి కుటుంబాలకు మాత్రం ఈ ఏర్పాటు మీద ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదు ఉన్నదల్లా తీరకోటల వారసత్వ సంరక్షణ సంస్థకు. ఆ సంస్థ పెద్ద సంచాలకులవారు ఆ ఏడు విదేశీ అధ్యయన యాత్ర చేశారు. ఏ సముద్రం అవతలో ఉన్న ఒక కోటగోడల రేవు పట్నంలో నాలుగు రోజులు గడిపి వచ్చారు. అక్కడ ఒకప్పుడు ఓడదొంగలు ఉండేవారట. ఇప్పుడు ఆ దొంగల పేరు చెప్పుకుని ఊరు ఊరంతా దర్జాగా బతుకుతోందట. కంటికి నల్లగుడ్డ కట్టుకున్న ఒకాయన సంచాలకులవారి టోపీ లాక్కుని, కత్తి ఝళిపించి, పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, టోపీని భద్రంగా తిరిగి తలమీద పెట్టాడట. దానికి టిక్కెట్టు కూడా ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత క్రమశిక్షణ గల దొంగతనాన్ని సంచాలకులవారు చూడలేదు. "మన దొంగలకేం తక్కువ?" అని విమానంలోనే ఒక నోటు రాసుకున్నారు.

దిగీ దిగగానే పాత దస్త్రాలు తిరగేయించారు. వలందుల కాలపు ఒక దినచర్య పుస్తకంలో చెదలు తిన్న పేజీ మీద ఒకే ఒక్క వాక్యం దొరికింది: "ఈ రేవులో దొంగలు ఉన్నారు." ఎవరన్నది రాయలేదు. రాసినవాడికి తెలుసు గనక రాయాల్సిన అవసరం కనబడి ఉండదు. సంస్థకు ఆ ఒక్క వాక్యం చాలింది. వలందరేవు మన దేశపు మొట్టమొదటి 'జీవన చౌర్య వారసత్వ పట్టణం' అని నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వును తెడ్డు మసేను ఇంటి తలుపు మీద బంకపూసి అంటించేసరికి అతను అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మసేనుకు అరవై రెండేళ్ళు. మోకాళ్ళు మొరాయించాక సముద్రం మీదికి వెళ్ళడం మానేశాడు. అయిదో తరగతి చదువు గనక కాయితాన్ని వేలుపెట్టి నెమ్మదిగా చదివాడు.

"ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా, రక్షిత కట్టడమునకు వంద గజముల లోపల ఉన్న వారందరు అరవై దినములలో ఖాళీ చేయవలెను. అయితే, సదరు రేవు యొక్క ప్రధాన సంప్రదాయమగు సముద్ర చౌర్యమును ఏడు తరములుగా అవిచ్ఛిన్నముగా కొనసాగించుచున్నట్లు నిరూపించుకొనిన వారు జీవన వారసత్వ వాహకులుగా పరిగణింపబడి, యథాస్థానమున కొనసాగుటకు అర్హులగుదురు."

మొదటి వాక్యం మసేనుకు ఒక్కసారికే అర్థమైంది. రెండో వాక్యం మూడుసార్లు చదివాడు.

"ఏటి రాసినారు?" అంది లోపలినుంచి అతని భార్య కొర్లమ్మ.

"దొంగలు ఉండొచ్చంట. మిగిలినోళ్ళు ఎల్లిపోవాలంట."

"మరి మనమేటి?"

మసేను వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆ రేవు మొత్తంలో దొంగతనానికి బొత్తిగా పనికిరాని ఇల్లు ఏదన్నా ఉంటే అది వాళ్ళదే. తుపాను వచ్చినా, పెనుగాలి కొట్టినా, సముద్రం మీద ఎవరి సామాన్లో కొట్టుకుపోతుంటాయి. వలకు కట్టే బెండ్లు, తెడ్లు, వల తునకలు, నీళ్ళ డ్రమ్ములు. ఎవరికి దొరికినా తెచ్చి మసేను అరుగు మీద పెట్టేస్తారు. అతని ముత్తాతల నాటినుంచి అదే వాడుక. జాలర్లు తమ సామాన్ల మీద ఇంటి గుర్తు వేసుకుంటారు గనక, ఏ గుర్తు ఏ ఊరిదో మసేను చూడగానే చెప్పగలడు. కబురు పంపుతాడు. పోగొట్టుకున్నవాడు వచ్చి తన వస్తువు చూసుకుని, మంచినీళ్ళు తాగి, పట్టుకుపోతాడు. అప్పటిదాకా దాన్ని ఆ ఇంట్లో ఎవరూ వాడకూడదు. ఒక పెద్ద అల్యూమినియం డేగిశా పదకొండేళ్ళుగా అరుగు మీద బోర్లా పడివుంది. అంత పాత్ర తన దగ్గర లేక, కూతురి పెళ్ళికి కొర్లమ్మ ఊరవతలినుంచి అడిగి తెచ్చుకుంది గాని దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు మసేను చొక్కా తొడుక్కుని ఆఫీసుకు వెళ్ళాడు. ఆఫీసంటే ఎంతో దూరం కాదు. కోట లోపలే, పాత కస్టమ్సు బంగళాలో ఉంది. సహాయ సంచాలకులు కొచ్చెర్లకోట ఉపేంద్రనాథ్ గారు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నాలుగో నంబరు ఫారం ముందు పెట్టుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఫారంలో ఖాళీ గడి కనబడితే నిద్రపట్టని మనిషి, అంతే.

"మసేను గారూ, మొదట ద్వితీయ తరంతో ఆరంభిద్దాం. తమరి నాన్నగారు ఏ ఓడను దోచారు?"

"మా అయ్యా! మా అయ్య ఓడల్ని దోచడమేటి బాబూ? ఒకలి వలలో సేపని కూడా ముట్టుకునీవోడు కాదండి."

"పోనీ, తాతగారు?"

"ఆయన మరీనండి. తుపానుకి పెద్ద పడవొకటి కొట్టుకొస్తే ఆర్నెల్లు కాపలా కాసి, మడిసొచ్చి అడిగితే అప్పగించీసినాడు."

ఉపేంద్రనాథ్ గారు కలం కింద పెట్టేశారు. ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది.

"మీ కేసు మీరే పాడుచేసుకుంటున్నారు. పడవ తిరిగి ఇచ్చినట్టు ఎక్కడైనా లిఖితపూర్వక ఆధారం ఉందా?"

"లేదండి."

"బతికారు. ఇకమీదట ఆ ప్రస్తావన ఎవరి దగ్గరా తేకండి. ఎవరో ఒక పూర్వీకుడు క్షణికావేశంలో నిజాయితీగా ప్రవర్తించినంత మాత్రాన సంప్రదాయం విచ్ఛిన్నమైనట్టు కాదని వాదించుకోవచ్చు. కానీ అది కుటుంబంలో అలవాటుగా ఉందని తెలిస్తే నేనే కాదు, పైవాళ్ళు కూడా ఏమీ చెయ్యలేరు."

పక్క బల్ల దగ్గర రిజిస్టరు రాసుకుంటున్న సూపరింటెండెంటు సుగుణమ్మ తలెత్తి మసేను వైపు జాలిగా చూసింది. ఆమె ఆ ఊరి కోడలే. ఆమె మామగారి తెడ్డు కూడా ఒకప్పుడు ఆ అరుగు మీదనుంచే ఇంటికి వచ్చింది.

వారం తర్వాత ఉపేంద్రనాథ్ గారు క్షేత్ర పరిశీలనకు స్వయంగా బయలుదేరారు. అటెండరు టేపు పట్టుకుని, సుగుణమ్మ ఫైలు పట్టుకుని వెంట నడిచారు. మసేను ఇంటి ముందుకొచ్చి అరుగు చూడగానే సహాయ సంచాలకులవారు నిలువునా ఆగిపోయారు. ఆ రోజు అరుగు మీద పద్నాలుగు వస్తువులున్నాయి. వాటిలో పెద్దది ఒక టేకు చుక్కాని, మూడు గీతలూ ఒక చేపా చెక్కినది. తుపాను నాడు ఎవరి పడవనుంచో ఊడి కొట్టుకొచ్చింది.

"మసేను గారూ! ఇంత సొత్తు ఇంట్లో పెట్టుకుని నిజాయితీపరుణ్ణని నాతో చెబుతారా?"

"ఇయి నాయి కావండి!"

"నేనూ అదే కదండీ అంటున్నాను!"

"అయ్యో, అది కాదు బాబూ. ఇయి ఒకలివి. ఆలొచ్చి అట్టుకుపోతారు."

"వచ్చేదాకా?"

"నా కాడే ఉంటాయి."

"రాసుకోండి సుగుణమ్మగారూ. పరుల సొత్తు వాహకుని అధీనంలో ఉన్నట్టు వాహకుడే అంగీకరించాడు." ఉపేంద్రనాథ్ గారు ఆనందం పట్టలేక చేతులు రుద్దుకున్నారు. "ఈ పద్నాలుగు వస్తువుల్నీ ప్రదర్శనశాల నిమిత్తం సంస్థ స్వాధీనం చేసుకుంటోంది."

అటెండరు తోపుడు బండి తెచ్చాడు. మసేను బండికి అడ్డం నిలబడ్డాడు. రెండు చేతులూ చాచి నిలబడ్డాడు గాని, బండి అతని పక్కనుంచి తిరిగి వెళ్ళింది.

"రసీదయినా ఇయ్యండి బాబూ. రేపు ఆలొచ్చి అడిగితే నానేటి సెప్పాల?"

"రసీదు ఇస్తే మీరు స్వచ్ఛందంగా అప్పగించినట్టు అవుతుంది. స్వచ్ఛందంగా అప్పగించేవాణ్ణి దొంగ అని నేనెలా ధ్రువీకరించను? మీ మేలు కోరే ఇవ్వడం లేదు."

ఇక కావలసింది బాధితుడి వాంగ్మూలం. పక్కింటి గరికిన పోలన్న ముందుకొచ్చాడు. మసేనుకు బావమరిది వరస. నోరు తెరిస్తే సముద్రమంత మాట్లాడతాడు, ఆఫీసులో కుర్చీ దొరికితే ఇక చెప్పనక్కర్లేదు.

"ఆషాడంలోనండి. నానొక్కుణ్ణే పడవ మీదున్నాను. ఈయన ఎనకాలనుంచి వొచ్చీసినాడు. పళ్ళతోటి కత్తి కరుసుకుని ఉన్నాడండి. ఎర్రటి కళ్ళు! నా వల, నా బెండ్లు, ఆకరికి నా సద్దిగిన్నె కూడా వొదల్లేదు. నా బావ గనక సెప్పకూడదు గాని, అంత కసాయి మడిసి ఈ తీరం మీద లేడండి."

ఉపేంద్రనాథ్ గారు కళ్ళు మూసుకుని విన్నారు. సుగుణమ్మ తల వంచుకుని రాసింది. మసేను గుమ్మం పక్కన నిలబడి తన కాలి వేళ్ళకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. ఎవరన్నా తనను పట్టుకుని కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదనుకున్నాడు. పోలన్న చెప్పింది అబద్ధమని కాదు అతని బాధ. తన కోసం చెప్పాడని. పై ఆరు తరాల గడులూ కూడా పోలన్న నోటి చలవతోనే నిండాయి.

"నాను సంతకం ఎట్టను," అన్నాడు ఇంటికొచ్చి.

"ఇల్లుంటే పరువు మెల్లిగా తెచ్చుకోవచ్చు," అంది కొర్లమ్మ. "ఇల్లు పోతే, తెచ్చుకున్న పరువు ఎక్కడెడతావు?"

మసేను సంతకం పెట్టాడు. మూడో రోజున గుండ్రటి ముద్రతో 'అవిచ్ఛిన్న చౌర్య ధ్రువపత్రం' వచ్చింది. దాన్ని కొర్లమ్మ బియ్యం డబ్బా వెనక దాచేసింది.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. పోలన్న తనకూ ఒక ధ్రువపత్రం కావాలని వెళితే ఉపేంద్రనాథ్ గారు ఫైలు తెరిచి చూసి తల అడ్డంగా ఊపారు.

"మీరు బాధితులు కదండీ. దోపిడీకి గురైనట్టు మీరే వాంగ్మూలం ఇచ్చారు. కేవలం దోచబడేవారు వాహకులు కారు. మీరు ఖాళీ చెయ్యాలి."

పోలన్న నోట మాట రాకపోవడం వలందరేవులో అదే మొదటిసారి.

అయితే అతను అక్కడితో ఆగే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే వలలు కుట్టే పాకలో నలభై రెండిళ్ళ వాళ్ళనూ కూర్చోబెట్టాడు. అతని ఆలోచన చాలా సుళువు. పోలన్నను మసేను దోచాడు. పోలన్న పక్కింటివాణ్ణి దోస్తాడు. ఆ పక్కింటివాడు ఆ పై ఇంటివాణ్ణి దోస్తాడు. అలా గోడవెంట చుట్టూ తిరిగి నలభై రెండో ఇంటివాడు వచ్చి మసేనును దోచేస్తే అందరూ బాధితులే, అందరూ దొంగలే. ఏ ఇల్లూ ఖాళీ చెయ్యక్కర్లేదు.

సుళువుగానే ఉంది గాని పాకలో రెండు గంటల సేపు కొట్లాట అయింది. ఫలానా ఇంటివాళ్ళు మమ్మల్ని దోచారంటే మేం తలెత్తుకు తిరగలేమని ఒకళ్ళు భీష్మించుకున్నారు. మా తాతకు ఒఠ్ఠి తెప్ప రాశారు, వాళ్ళ తాతకు మూడు తెరచాపల ఓడ ఎందుకు రాశారని ఇంకొకళ్ళు ఎదురు లేచారు. మగాళ్ళే దొంగలా అని ఆడవాళ్ళు అడ్డం తిరిగారు. తొంభై ఏళ్ళ ముసలమ్మ ఒకామె, తాను ఎప్పుడో చిన్నప్పుడు మునసబు గారి కోడిపెట్టను ఎత్తుకొచ్చిన మాట నిజమేనని, దాన్ని సముద్రం మీద జరిగినట్టు రాయమని పట్టుబట్టింది. ఆ పాకలో మొత్తానికి అదొక్కటే నిజం.

మసేను ఒక మూల కూర్చున్నాడు. నలభై రెండో ఇంటివాడు వచ్చి, "మామా, నిన్నెప్పుడు దోచమంటావు?" అని మర్యాదగా అడిగితే, "నీ ఇష్టం నాయినా," అన్నాడు.

ఇరవై రోజుల్లో నలభై రెండు ధ్రువపత్రాలూ తయారయ్యాయి. ప్రదర్శనశాల కూడా తయారైంది. బంగళా ముందుగదిలో అద్దాల బీరువాలు వచ్చాయి. మసేను అరుగు మీది సామాన్లన్నిటి కిందా చీటీలు వెలిశాయి. చుక్కాని కింద "ఓడదొంగల నాయకుని చుక్కాని, పద్దెనిమిదవ శతాబ్దము" అని రాశారు. ఎర్ర ప్లాస్టిక్ నీళ్ళ డ్రమ్ము కింద కూడా పద్దెనిమిదవ శతాబ్దమే రాశారు, కాకపోతే పక్కన "సుమారు" అని చేర్చారు.

ఆ వారమే ఆరు మైళ్ళ అవతలి ఊరినుంచి సూరాడ కామయ్య అనే జాలరి వచ్చాడు. ఎండలో నడిచొచ్చి అరుగు ముందు నిలబడ్డాడు.

"అన్నా, మూడు గీతలూ సేపా గుర్తు. మా అయ్య సేత్తో సెక్కినాడు. తుపాన్లో ఊడిపోనాది. నీ కాడుందని కబురొచ్చింది. అది లేక రెండు నెల్లుగా పడవ ఒడ్డునే ఉండిపోనాది."

ఖాళీ అరుగు కేసి చూపించడానికి మసేనుకు చెయ్యి లేవలేదు. మంచినీళ్ళు ఇచ్చాడు. కామయ్య తాగి, చెంబు కింద పెట్టి, ఇంకా ఎదురుచూస్తూ నిలబడ్డాడు. తరతరాలుగా ఆ అరుగు దగ్గరికి వచ్చినవాడెవడూ వట్టి చేతులతో వెళ్ళలేదు. కామయ్య వెళ్ళాడు. వెళుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించి మసేను ఆ పూట అన్నం తినలేకపోయాడు.

చుక్కాని కోసం ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. మొదటిసారి అర్జీ రాసి తెమ్మన్నారు. రెండోసారి ఆ అర్జీ వల్ల అతని ధ్రువపత్రానికే ముప్పు అని చెప్పి, దయతలచి చింపేశారు. మూడోసారి ప్రదర్శనశాలకు టిక్కెట్టు లేకుండా లోపలికి రాకూడదన్నారు. నాలుగోసారి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి, అద్దం ఇవతలినుంచి చుక్కానిని చూసి వచ్చాడు.

ఇంతలో పెద్ద సంచాలకులవారు పర్యవేక్షణకు వచ్చారు. ఊరి చివర కట్టిన తోరణం మీద 'దొంగల రేవుకు స్వాగతం' అని చదివి పొంగిపోయారు. పోలన్న నల్లగుడ్డ కట్టుకుని ఆయన టోపీ లాక్కున్నాడు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం కాస్త ఆలస్యం చేశాడు. బురుజు మీద కాఫీ తాగాక, సంచాలకులవారు జాబితా తెప్పించుకున్నారు.

"వంద గజాల లోపల కట్టడాలెన్ని?"

"నలభై మూడండి," అంది సుగుణమ్మ.

"ధ్రువపత్రాలు?"

"నలభై రెండండి."

"మరి ఆ అనర్హులెవరు? ఇంకా ఎందుకు ఉపేక్షిస్తున్నారు?"

సుగుణమ్మ ఉపేంద్రనాథ్ గారి వైపు చూసింది. ఉపేంద్రనాథ్ గారు తన బూట్ల వైపు చూసుకున్నారు.

"అది మన ఆఫీసండి," అంది సుగుణమ్మ.

సంచాలకులవారు కప్పు కింద పెట్టారు. ఆయన నిబంధన విషయంలో తనా పరాయా చూసే మనిషి కారు. "నిబంధన నేనే రాశాను, నాకూ వర్తిస్తుంది. పదిహేను రోజుల్లో ఏడు తరాల అవిచ్ఛిన్న చౌర్యాన్ని నిరూపించుకోండి. లేదా ఖాళీ చేసి మండల కేంద్రానికి తరలండి. రొయ్యల మేత గోదాము మీద రెండు గదులున్నాయట, గాలి రాదు గాని అద్దె తక్కువ."

ఉపేంద్రనాథ్ గారు పది రోజులు దస్త్రాలు వెతికారు. సంస్థ పుట్టిందే తొమ్మిదేళ్ళ కిందట. తొమ్మిదేళ్ళలో ఏడు తరాలు ఎలా తిప్పినా ఇమడలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం నాలుగో నంబరు ఫారం పట్టుకుని, సుగుణమ్మను వెంటబెట్టుకుని మసేను అరుగు దగ్గరికి వచ్చారు. ఈసారి కూర్చోమని చెప్పకుండానే అరుగు అంచున కూర్చున్నారు.

"మసేను గారూ, సంస్థ మిమ్మల్ని దోచినట్టు తమరు ఒక వాంగ్మూలం ఇప్పించాలి. పోలన్న గారు తాను ఇస్తానన్నారు. కానీ ఆయన పేరు ఇప్పటికే పదిహేడు ఫైళ్ళలో ఉంది. తమరి పేరు బాధితుడిగా ఒక్క ఫైల్లోనే ఉంది. ఏం చెప్పాలో మేమే రాసి ఇస్తాం, కల్పించే శ్రమ తమకు ఉండదు."

మసేను వల పక్కన పెట్టి సర్దుకుని కూర్చున్నాడు.

"కల్పించీదేటుందండి? రాసుకోమ్మా సుగుణమ్మా. ఈ ఆపీసోళ్ళు పట్టపగలు నా అరుగు మీదకొచ్చి, నాను అడ్డం నిలబడితే తప్పించుకుని, పద్నాలుగు సామాన్లు అట్టుకుపోనారు. అందులో ఒకటీ నాది కాదు. రసీదు అడిగితే ఇయ్యలేదు. నాలుగుమాట్లు తిరిగితే ఇయ్యలేదు."

సుగుణమ్మ గబగబా రాసింది. ఉపేంద్రనాథ్ గారి ముఖం వెలిగింది.

"అద్భుతం! ప్రథమ తరం పక్కాగా వచ్చింది. మిగతా ఆరు ఎలాగన్నదే..."

"ఉండండి బాబూ, అయిపోలేదు." మసేను గొంతు ఎప్పుడూ అంత గట్టిగా లేవదు. లోపల కొర్లమ్మ పని ఆపి గుమ్మంలోకి వచ్చింది. "మా అయ్య కాలంలో మీ బంగళా గెస్టౌసు. ఈ గోడల మద్దిన తీపినీళ్ళ నుయ్యి ఒక్కటే ఉండీది. గెస్టుల కోసమని కంచె కట్టీసి ఆపీసోళ్ళు లాగేసుకున్నారు. అయ్య సచ్చిందాకా కోసు దూరం నించి నీళ్ళు మోసినాడు. మా తాత కాలంలో అది మిలట్రీది. యుద్ధమొచ్చింది, శత్రువుకి దొరికిపోద్దని మా తాత పడవ అట్టుకుపోయి కాల్చీసినారు. శత్రువు రానే లేదు. మా ముత్తాత కాలంలో ఉప్పాపీసు. ముత్తవ్వ ఎండబెట్టుకున్న ఉప్పు కుండలు బద్దలుగొట్టి, ఉన్న ఉప్పు మూటగట్టుకెళ్ళినారు. ఆయనకి ముందు కస్టమ్సు. ఏ పడవొచ్చినా అన్నిటికన్నా పెద్ద సేప బంగళాలోకి పోవాల్సిందే. ఆ ముందాయన పడవని ఇంగిలీసోళ్ళు ఇటికలు మొయ్యాలని తీసుకుపోయి మళ్ళీ ఇయ్యలేదు. అందరికన్నా ముందు వలందులోళ్ళు. ఈ కోట కట్టింది మా సేపలు ఎండబెట్టుకునీ ఇసక మీదే. ఎవుల్నీ అడగలేదు. మా అయ్యలు మాకు సెప్పుకుంటూ వొచ్చినారు. కుర్చీలో మడుసులు మారినారు గాని, బంగళా ఆ బంగళాయే."

సుగుణమ్మ కలం ఆగింది. ఆమె వేళ్ళమీద లెక్కపెట్టి చూసుకుంది. సరిగ్గా ఏడు.

ఉపేంద్రనాథ్ గారు ఫారం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. ఒక్క గడి ఖాళీ లేదు.

"నలభై రెండు కేసులు చూశాను మసేను గారూ. ఇంత అవిచ్ఛిన్నత ఏ కుటుంబంలోనూ లేదు."

"ఒక ఇబ్బంది ఉందండి," అంది సుగుణమ్మ. "ఆ పద్నాలుగు వస్తువులూ ఈయన దోచినవని ఈయన ఫైల్లో ఉంది. ఇందులోనేమో, ఈయన ఇతరుల కోసం దాచితే మనం దోచామని ఉంది. ఇది నిజమైతే ఈయన ధ్రువపత్రం చెల్లదు కదండీ?"

కొర్లమ్మ గుమ్మం పట్టుకుంది. మసేను ఆమె వైపు చూశాడు, ఇంటి చూరు వైపు చూశాడు.

"సెల్లకపోతే పోనీయండి," అన్నాడు. "నాను సెప్పింది మార్చను. ఇప్పటికే సిగ్గుతో సచ్చిపోతన్నాను."

"ఎవరికీ ఏమీ పోదు," అన్నారు ఉపేంద్రనాథ్ గారు నిబ్బరంగా. "అవి రెండు వేరువేరు ఫైళ్ళు. ఒక ఫైలు ఇంకో ఫైలును చదవదు. రెండిటినీ ఎప్పుడూ ఒకే బీరువాలో పెట్టకుండా చూసుకుంటే సరిపోతుంది."

మసేను ఫారం అందుకుని కింద సంతకం పెట్టాడు. తర్వాత ఫారాన్ని తిప్పి ఉపేంద్రనాథ్ గారి ముందు పెట్టి వేలితో చూపించాడు.

"ఇక్కడ దొంగ సంతకమండి."

సహాయ సంచాలకులవారు ఆకుపచ్చ సిరా కలం తీసి, పొడి అక్షరాలు కాకుండా పూర్తిపేరు రాసి, హోదా రాసి, జేబులోంచి ముద్ర తీసి వేశారు.

"ఇంక నా సామాన్లు ఇప్పించండి," అన్నాడు మసేను. "కామయ్య పడవ ఒడ్డున ఎండిపోతన్నాది."

"ఎంతమాట! తిరిగి ఇచ్చేస్తే ఈ క్షణమే మా అవిచ్ఛిన్నత పోతుంది. మేం ఇవ్వలేం. ఇచ్చినట్టు మాకు తెలియనూ కూడదు." ఆయన లేచి చొక్కా సర్దుకుని, గొంతు తగ్గించి అన్నారు: "బీరువాలకు తాళాలు ఇంకా రాలేదు. అటెండరు భోజనానికి వెళ్ళాడు."

"దొంగతనంగా నాను తీసుకోనండి. అందరూ సూస్తుండగా తీసుకుంటాను."

పోలన్ననూ వాడలో మరో ముగ్గుర్నీ పిలుచుకుని మసేను ఆ ఎండలోనే బంగళా మెట్లెక్కాడు. ఆ వేళ కోట చూడటానికి వచ్చినవాళ్ళు ఓ పాతికమంది ఉన్నారు. ఇదీ ప్రదర్శనలో భాగమేననుకుని చప్పట్లు కొట్టి ఫోటోలు తీసుకున్నారు. "ఇది ఆటకాదండి, కామయ్య సుక్కాని," అని మసేను ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చాడు. పద్నాలుగు వస్తువుల్నీ మోసుకుపోవడానికి నాలుగు తడవలు పట్టింది. ఉపేంద్రనాథ్ గారు తన గదిలో కిటికీ దగ్గర, వీపు ఇటు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఆఖరి డ్రమ్ము గుమ్మం దాటేదాకా ఆయన సముద్రాన్నే చూస్తూ ఉన్నారు.